కుటుంబ ఆరోగ్యం: కళ్లద్దాల దుకాణంలో అడగవలసిన రెండు ప్రశ్నలు



నలభై ఏళ్లు దాటిన తరువాత సూదిలో దారం ఎక్కడం లేదని, బియ్యంలో రాళ్లు కనబడడం లేదని, పాటల పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయినట్లున్నాయని ఎవరో ఒకరు అనని ఇల్లు మన పల్లెల్లో ఉండదు. ఆ మాట వచ్చిన రోజున ఇంట్లో పెద్దవారు "సైటు వచ్చినట్టుంది, పోయి అద్దాలు తెచ్చుకో" అంటారు. కొందరు జనగామకు, కొందరు మానుకోటకు, కొందరు భూపాలపల్లికి బస్సెక్కుతారు. అంత దూరం పోలేనివారు అంగడిలో గుడ్డ పరిచి అమ్మే వాని దగ్గర కూర్చుని, నాలుగు జతలు పెట్టి చూసి, అందులో కొంచెం తేటగా కనిపించినది కొని తెచ్చుకుంటారు.

ఎరువుల బస్తా కొనేటప్పుడు కంపెనీ పేరు చూస్తాము. విత్తనాలు కొనేటప్పుడు బిల్లు అడుగుతాము. కంటికి అద్దం పెట్టించుకునేటప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు అడగడం మరచిపోతాము. మొదటిది: నా కళ్లు పరీక్షించిన ఈ మనిషి ఎవరు, ఏమి చదివాడు? రెండవది: ఇతడు నన్ను ఒక మనిషిగా గౌరవించి, నా పని, నా భాష, నా అలవాటు తెలుసుకుని అద్దం ఇస్తున్నాడా? ఈ నెల ఈ రెండు ప్రశ్నల గురించి ఆలోచిద్దాం.

చూపు విషయం చిన్నది కాదు

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద సర్వే చేశారు. హైదరాబాదు, ఆదిలాబాదు, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో 10,293 మందిని పరీక్షించారు. నూటికి దాదాపు ఇద్దరు, కచ్చితంగా చెప్పాలంటే 1.84 శాతం మంది, అంధులుగా తేలారు. ఆ అంధత్వంలో 60 శాతం శుక్లం వలన గాని, తగిన అద్దాలు లేకపోవడం వలన గాని వచ్చినదే. అంటే చిన్న ఆపరేషనుతోనో, ఒక జత కళ్లద్దాలతోనో తిరిగి లోకాన్ని చూడగలిగినవారు చీకట్లో కూర్చుని ఉన్నారన్న మాట. శుక్లం పక్కన పెట్టి అద్దాలు లేని లోపం ఒక్కటే చూసినా, అది ఆ అంధత్వంలో 16 శాతం.

తరువాతి కాలంలో మన రాష్ట్రంలో కంటి వెలుగు కార్యక్రమం వచ్చింది. మొదటి విడత 2018 ఆగస్టు 15న, రెండవ విడత 2023 జనవరిలో మొదలయ్యాయి. ఒక్కొక్క విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. మన ఊళ్లలో చాలామంది అవ్వలు, తాతలు జీవితంలో మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకున్నది అప్పుడే. అయితే అద్దాలకు గీతలు పడతాయి, కాడలు విరుగుతాయి, రెండు మూడేళ్లలో నంబరు మారుతుంది. శిబిరం వచ్చి పోతుంది, దుకాణం మాత్రం బజారులోనే ఉంటుంది. కాబట్టి ఆ దుకాణం ఎలాంటిదో మనం తెలుసుకోవాలి.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడాన్ని చత్వారం అంటారు. కంటిలోని కటకం వయసుతో పాటు గట్టిపడి, దగ్గరి వస్తువు మీద చూపు నిలపలేకపోతుంది. ఇది రోగం కాదు, తల నెరిసినట్లే వయసుతో వచ్చే మార్పు. కాని దీనివలన కూలి తగ్గుతుంది. అస్సాం తేయాకు తోటలలో నలభై దాటిన 751 మంది కూలీల మీద ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2018లో ప్రచురించబడ్డాయి. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారు, ఇవ్వనివారి కంటె దాదాపు 22 శాతం ఎక్కువ ఆకు కోశారు. మన మానుకోట వైపు కల్లాలలో మిర్చి తాలు ఏరే అమ్మలను, పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పువ్వు చెక్కే పనివారిని, మహదేవ్‌పూర్ వైపు దసలి పట్టు దారం పట్టే చేతులను తలచుకోండి. వారికి చూపు తగ్గితే మొదట తగ్గేది ఇంటికి వచ్చే కూలి డబ్బులే.

నలుగురు మనుషులు, నాలుగు పనులు

మనం అందరినీ "కండ్ల డాక్టరు" అని పిలుస్తాము. నిజానికి వారు నాలుగు రకాలవారు.

కంటి వైద్యుడు ఎం.బి.బి.ఎస్. చదివి, తరువాత కంటి వైద్యంలో ప్రత్యేక చదువు చదివినవాడు. మందులు రాసేది, ఆపరేషను చేసేది ఆయనే. ఆప్టోమెట్రిస్టు డాక్టరు కాదు గాని, కళ్ల పరీక్షలో నాలుగేళ్ల డిగ్రీ చేసినవాడు. నంబరు తేల్చడం, కంటిలో జబ్బు గుర్తులు కనబడితే డాక్టరు దగ్గరికి పంపడం ఆయన పని. మూడవవారు ఆప్తాల్మిక్ అసిస్టెంట్లు, విజన్ టెక్నీషియన్లు. ప్రభుత్వ ఆసుపత్రులలో, పల్లెల్లోని కంటి కేంద్రాలలో మొదట మనకు ఎదురయ్యేది వీరే. నాలుగవవాడు ఆప్టిషియన్. చీటీలో ఉన్న నంబరు ప్రకారం అద్దం కోసి, అరగదీసి, ఫ్రేములో బిగించి, ముఖానికి సరిపెట్టి ఇవ్వడం ఆయన విద్య.

ఈ నాలుగవ పని తక్కువదని ఎవరూ అనుకోవద్దు. మన రెండు కనుపాపల మధ్య ఎంత దూరం ఉందో మిల్లీమీటర్లలో కొలిచి, అద్దం మధ్య బిందువు సరిగ్గా కనుపాప ఎదుటికి వచ్చేటట్లు బిగించాలి. ఆ కొలత తప్పితే, చీటీలో నంబరు సరిగా ఉన్నా తలనొప్పి, కళ్లు లాగడం తప్పవు. "కొత్త అద్దాలు పడలేదు" అని గూట్లో పెట్టేసిన జతలలో కొన్ని ఇటువంటివే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒకడు చేయవలసిన పని మరొకడు చేసినప్పుడు. దుకాణంలో మిషను మీద గడ్డం ఆనించగానే కాగితం వస్తుంది. ఆ కాగితమే చీటీ అనుకుని అద్దాలు కోసి ఇచ్చేవారున్నారు. మిషను చెప్పేది అంచనా మాత్రమే. దాని తరువాత ఒక్కొక్క అద్దం మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి తేల్చవలసి ఉంటుంది. షుగరు అదుపులో లేనివారికి ఈ రోజు వచ్చిన నంబరు వచ్చే నెల ఉండకపోవచ్చు. అరవై దాటిన తాత "నాకు అద్దాలు లేకుండానే మళ్లీ దగ్గరిది కనబడుతున్నది" అని సంతోషిస్తే, అది శుక్లం ముదురుతున్న గుర్తు కావచ్చు. నీటికాసుల జబ్బు నొప్పి లేకుండా చుట్టుపక్కల చూపును తినేస్తుంది. ఇవన్నీ తెలిసినవాడు నంబరు మార్చి డబ్బు తీసుకోడు, ఆసుపత్రికి పొమ్మని చెబుతాడు. తెలియనివాడు ప్రతిసారీ కొత్త అద్దం అమ్ముతాడు. ఈ లోపల చూపు పోతుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.

మరొక ప్రమాదం చుక్కల మందు. కళ్లు ఎర్రబడ్డాయంటే కౌంటరు మీద నుండి ఒక చుక్కల సీసా తీసి ఇచ్చేవారున్నారు. స్టెరాయిడు కలిసిన చుక్కలు రెండు రోజుల్లో ఎరుపు తగ్గిస్తాయి గనుక మంచి మందనిపిస్తుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వేసుకుంటే అవే నీటికాసులను, శుక్లాన్ని తెచ్చిపెడతాయి.

చట్టం ఏమంటున్నది?

మందుల దుకాణం పెట్టాలంటే ఫార్మసీ చదివి నమోదైన మనిషి అక్కడ ఉండాలి. అద్దాల దుకాణానికి మన దేశంలో అటువంటి నియమం లేదు. వ్యాపారం మొదలుపెట్టడానికి మునిసిపాలిటీ లైసెన్సు, దుకాణం నమోదు, పన్ను నమోదు వంటి కాగితాలు కావాలి. కన్ను పరీక్షించే మనిషికి ఇంత చదువు ఉండాలని ఆ కాగితాలలో ఏదీ అడగదు.

ఈ లోటు తీర్చడానికి 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కాక ఆరోగ్యరంగంలో పనిచేసే అనేక వృత్తులవారి కోసం జాతీయ కమిషన్, ప్రతి రాష్ట్రంలో ఒక మండలి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కంటికి సంబంధించిన వృత్తులను కూడా అందులో చేర్చారు. ఏ చదువుకు ఎంత కాలం, ఏ పని చేయవచ్చు, ఎలా ప్రవర్తించాలి అన్నవి నిర్ణయించి, అర్హులైన వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. తప్పు చేసినవాని పేరు తొలగించే అధికారం కూడా ఉంటుంది. అయితే చట్టం కాగితం మీద ఉన్నంత వేగంగా పని నడవలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ ఆలస్యాన్ని గమనించి, రెండు నెలల్లో చట్టం అమలుకు తేవాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది.

ఇంగ్లండులో 1958లోనే ఆప్టిషియన్ల చట్టం వచ్చింది. జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ అనే సంస్థ అక్కడ కళ్లు పరీక్షించేవారి పేర్లు, అద్దాలు బిగించే వారి పేర్లు రెండూ రిజిస్టరులో ఉంచుతుంది. పెద్దలు చీటీ చూపించి ఎక్కడైనా కొనుక్కోవచ్చు గాని, పదహారేళ్ల లోపు పిల్లలకు నమోదైన మనిషి గాని, ఆయన పర్యవేక్షణలో పనిచేసేవారు గాని మాత్రమే అద్దాలు ఇవ్వాలి. ఎదిగే కన్నుకు తప్పు అద్దం ఎక్కువ హాని చేస్తుంది గనుక వారు అలా గీత గీశారు. మనం చట్టం వచ్చేవరకు ఆగనక్కరలేదు. మన ఇంటి పిల్లల విషయంలో ఆ గీత మనమే గీసుకోవచ్చు.

నంబరు సరిగా ఉంటే చాలదు

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. న్యూజిలాండ్ దేశంలో మావోరీలు అక్కడి మొదటి ప్రజలు. వారిలో చాలామంది ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చేవారు, మందులు మధ్యలో మానేసేవారు. అక్కడి వైద్యులు "వీరికి శ్రద్ధ లేదు" అనేవారు. ఇరిహాపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు 1980ల చివరలో ఆ మాటను తిప్పి అడిగారు. మా వాళ్లను మీరు చిన్నచూపు చూస్తే, వారి భాషను, ఆచారాన్ని ఎగతాళి చేస్తే, వారు మీ దగ్గరికి ఎందుకు వస్తారు? మందు సరిగా ఇవ్వడం ఎంత భద్రతో, మనిషి పరువు పోకుండా చూడడం కూడా అంతే భద్రత అన్నది ఆమె వాదన. దీనికి సాంస్కృతిక భద్రత అని పేరు. మర్యాద దక్కిందా లేదా అని చెప్పవలసినది సేవ చేసినవాడు కాదు, సేవ పొందినవాడే అన్నది ఇందులో ముఖ్యమైన మాట. 1992లో న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దీనిని నర్సుల చదువులో చేర్చింది. తరువాతి కాలంలో అక్కడ అద్దాలు బిగించేవారితో సహా ఆరోగ్య వృత్తులవారందరికీ ఈ నియమం వర్తించింది.

ఇది దూరదేశపు మాట అనుకోకండి. మానుకోట జిల్లాలోని డోర్నకల్‌లో పనిచేసిన, తరువాత 1912లో అక్కడి మొదటి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మహాసభలో దీనికి దగ్గరి మాటే చెప్పారు. విదేశీ మిషనరీలు చేసిన త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మాతో సమానంగా కూర్చునే స్నేహం మాకు కొరవడిందని ఆయన వారి ముఖాన చెప్పారు. ఉపకారం చేసే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉన్నంత కాలం ఆ ఉపకారం మనసుకు చేరదు.

మన మూడు జిల్లాలలో ఇది ఎలా ఉంటుంది?

మొదట పిలుపు సంగతి. జనగామ ప్రాంతంలో గడీల కాలం చూసిన తరం ఇంకా మన మధ్య ఉన్నది. దొర ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడిన మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో దుకాణం మెట్ల దగ్గర ఆగిపోతాడు. లోపలికి రమ్మని ఎవరైనా పిలవాలి. బదులుగా ఇరవై ఏళ్ల కుర్రవాడు "ఏందిరా, ఏం గావాలె" అన్నాడనుకోండి. ఆ తాత మరల ఆ మెట్లెక్కడు. అదే కుర్రవాడు "రా బాపూ, కూసో. ఏం పని జేస్తవు?" అంటే సగం పని అయిపోయినట్లే. కొందరికి కుర్చీ చూపించి, కొందరిని నిలబెట్టి మాట్లాడే దుకాణంలో ఎంత ఖరీదైన మిషను ఉన్నా అది మంచి దుకాణం కాదు.

రెండవది చదువు సంగతి. గోడ మీద అక్షరాల పట్టిక చూపించి, నలుగురు వింటుండగా "చదువొచ్చా, రాదా?" అని గట్టిగా అడిగితే ఆ అమ్మ తల దించుకుంటుంది. కనబడని అక్షరాన్ని కూడా కనబడిందని అంటుంది, లేదా కనబడినా నోరు విప్పదు. అప్పుడు నంబరు తప్పుతుంది. అక్షరాలు రానివారి కోసం మూడు కొమ్మల గుర్తు ఉన్న పట్టిక ఉంటుంది. ఆ కొమ్మలు పైకా, కిందికా, ఏ ప్రక్కకు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. అడగకుండానే ఆ పట్టిక పెట్టడం తెలిసినవాని లక్షణం. ఇక్కడ మర్యాదకు, సరియైన నంబరుకు ఉన్న సంబంధాన్ని గమనించండి.

మూడవది భాష, వేషం. మానుకోట జిల్లాలో తండాలు ఎక్కువ. పెద్ద వయసు లంబాడా తల్లులలో కొందరికి తెలుగు కొద్దిగానే వస్తుంది. "యాడీ" అని పిలిచి, వారి మాటలో నాలుగు ప్రశ్నలు నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? వారిలో పాత ఆచారం పాటించే స్త్రీల చెంపల మీదికి వెండి ఆభరణాలు వ్రేలాడుతుంటాయి. అద్దాల కాడ వాటికి ఒరుసుకుంటుంది. "అవి తీసెయ్యి" అని విసుక్కునే బదులు సన్నని కాడ ఉన్న ఫ్రేము చూపించి, చెవి దగ్గర వంపు సరిచేయవచ్చు. గంగారం, కొత్తగూడ అడవి పల్లెల నుండి, మహాముత్తారం, పలిమెల వైపు నుండి వచ్చే కోయ కుటుంబాలకు ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. "రేపు రా, ఎల్లుండి రా" అనడం వారికి నష్టం. ఏ రోజున అద్దాలు తయారవుతాయో ఒకేసారి నిజం చెప్పడం కూడా మర్యాదలో భాగమే.

నాలుగవది స్త్రీల సంగతి. కనుపాపల దూరం కొలవాలంటే ముఖానికి దగ్గరగా రావాలి, కాడలు సర్దాలంటే చెవి, జుట్టు తాకాలి. ముందు చెప్పి, ఒప్పుకున్నాక తాకాలి. తోడు వచ్చినవారిని పక్కనే కూర్చోనివ్వాలి. ముసుగు వేసుకునే ముస్లిము సహోదరి తెర చాటు అడిగితే ఇవ్వాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

అయిదవది ఆడపిల్లల బాధ. "కండ్లద్దాలు పెడితే సంబంధాలు రావు" అనే మాట వలన ఎంతమంది అమ్మాయిలు బోర్డు కనబడక వెనుకబడ్డారో! దుకాణంలో కూడా "ఈ వయసులోనే సైటా?" అని నవ్వుతారు. ఆ నవ్వు పిల్ల మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ విషయంలో దుకాణదారు కంటె ముందు మన ఇళ్లు మారాలి. చూపు తక్కువ ఉన్న అమ్మాయికి అద్దాలు పెట్టడం కాలికి ముల్లు గుచ్చుకోకుండా చెప్పులు తొడగడం వంటిదే.

ఆరవది నాటు వైద్యం. ఆముదం, చనుబాలు, ఆకు పసరు కళ్లలో పోసే అలవాటు ఇంకా ఉన్నది. పసరు వలన నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదమున్న మాట నిజం, దానిని ఆపించాలి. కాని "బుద్ధిలేని మనుషులు" అని తిడితే, వచ్చేసారి పసరు పోసినట్లు చెప్పరు. చెప్పకపోతే డాక్టరుకు జబ్బు అర్థం కాదు. ముందు విని, తరువాత నెమ్మదిగా కారణం చెప్పేవాని మాటే ఊరు వింటుంది.

చివరగా, పని సంగతి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వలన ఎన్నో అద్దాలు గూట్లో పడి ఉన్నాయి. రెండు నంబర్ల అద్దంలో దగ్గరి నంబరు కింది భాగంలో ఉంటుంది. దానిలోనుండి నేలను చూస్తే మసకగా ఉండి అడుగు తప్పుతుంది. పొలం గట్ల మీద నడిచే రైతుకు, తాటిచెట్టు ఎక్కి దిగే గీత కార్మికునికి ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. వారికి దూరానికి ఒకటి, దగ్గరికి ఒకటి వేరువేరుగా ఇవ్వడం మేలు కావచ్చు. కుట్టుమిషను మీద పనిచేసే అమ్మకు గుడ్డ ఎంత దూరంలో ఉంటుందో, ఇత్తడి చెక్కే పనివానికి రేకు ఎంత దగ్గరగా ఉంటుందో అడిగి నంబరు నిర్ణయించాలి.

దుకాణదారుల పక్షాన ఒక మాట

అంగడిలో దొరికే తయారు అద్దాలన్నీ విషమని చెప్పడం లేదు. రెండు కళ్లకూ ఒకే నంబరు ఉండి, దూరం చూపు బాగుండి, ఇతర జబ్బు లేని మనిషికి చదువుకోవడానికి అవి పనికివస్తాయి. ఆ సంగతి తేలాలంటే ముందు ఒకసారి పరీక్ష జరగాలి, అంతే.

అలాగే మన పట్టణాలలోని చాలామంది దుకాణదారులు చిన్ననాటనే పనిలో చేరి, గురువు దగ్గర చూసి నేర్చుకున్నవారు. అద్దం కోయడంలో వారి చేతి నేర్పు మెచ్చుకోవలసినదే. చట్టం పూర్తిగా అమలయినప్పుడు అటువంటివారిని ఒక్కసారిగా వీధిలో పడవేయకుండా, శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి నమోదు చేసే దారి ఉండాలి. ఆయన కూడా ఒక కుటుంబాన్ని పోషించేవాడే. అయితే తన హద్దు తాను తెలుసుకుని, "ఇది నా పని కాదు, డాక్టరుకు చూపించండి" అని చెప్పగలగాలి. అలా చెప్పిన దుకాణదారు ఒక అద్దం అమ్మకం పోగొట్టుకుంటాడు గాని, ఊరి నమ్మకం సంపాదించుకుంటాడు.

మనము చేయవలసినవి

1. అద్దాలు కొనేముందు "పరీక్ష చేసేది ఎవరు? ఏమి చదివారు?" అని మర్యాదగా అడగండి. చదివినవాడు ఈ ప్రశ్నకు కోపగించుకోడు.

2. నంబరు చీటీ మీ చేతికి తీసుకోండి. అది మీది. దానితో మీరు ఏ దుకాణంలోనైనా అద్దాలు చేయించుకోవచ్చు.

3. బిల్లు తప్పక అడగండి. తప్పు అద్దం ఇచ్చి సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల ఫోను నంబరు 1915కు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనులో అయిదు లక్షల రూపాయలలోపు వ్యవహారానికి రుసుము లేదు.

4. పిల్లలకు మొదటిసారి అద్దాలు కేవలం దుకాణం పరీక్షతో తీసుకోకండి. పిల్లల కన్ను దగ్గరి చూపు కోసం బిగుసుకుని ఉంటుంది గనుక, చుక్కలు వేసి పరీక్షించవలసి రావచ్చు. ఆ పని డాక్టరు దగ్గరే జరగాలి.

5. షుగరు ఉన్నవారు, నలభై దాటినవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసుల జబ్బు ఉన్నవారు అద్దాలతో సరిపెట్టుకోక, కంటి లోపలి పరీక్ష చేయించుకోవాలి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఎప్పటినుండో ఉన్నది.

6. మీరు చేసే పని ఏమిటో, ఎంత దూరంలో చూస్తారో అడగకపోయినా మీరే చెప్పండి. మిర్చి ఏరే చాటను, కుట్టే గుడ్డను వెంట తీసుకుపోయినా తప్పు లేదు.

7. కొత్త అద్దాలను అక్కడే ఒక చిన్న పరీక్ష చేయండి. అద్దాన్ని కంటికి కొంచెం దూరంగా పట్టుకుని ఒక వస్తువును చూస్తూ, అద్దాన్ని పక్కకు కదపండి. వస్తువు అద్దంతో పాటే అదే వైపు కదిలితే అది మైనస్ నంబరు. ఎదురు వైపు కదిలితే ప్లస్ నంబరు. చీటీలో ఒకటి ఉండి అద్దం మరొకటిగా ఉంటే వెంటనే చెప్పండి.

8. మీ ఊరిలోనో, సంఘంలోనో ఉచిత కంటి శిబిరం పెడితే, వచ్చేవారు ఎవరో ముందే కనుక్కోండి. అందరికీ కుర్చీలు వేయండి. వరుసలో ముందూ వెనుకా అన్నది వచ్చిన క్రమాన్ని బట్టి ఉండాలి గాని, కులాన్ని బట్టి, బట్టలను బట్టి ఉండరాదు. అద్దాలు ఇస్తూ ఫోటో తీయాలంటే ముందు అనుమతి అడగండి. ఉచితంగా ఇచ్చిన జత సరిపోకపోతే ఎవరిని అడగాలో ఒక పేరు, ఒక చోటు చెప్పి పంపండి.

మీ ఊరి పక్కింటి అవ్వ గూట్లో వాడకుండా పెట్టిన అద్దాల జత ఒకటి ఉండవచ్చు. ఈ వారం ఒకసారి ఆమెను అడిగి చూడండి: ఎందుకు పెట్టుకోవడం లేదు? నంబరు పడలేదా, కాడ గుచ్చుకుంటున్నదా, లేక ఆ దుకాణంలో ఎవరైనా మనసు నొప్పించారా? ఆమె చెప్పే జవాబు పూర్తిగా వినండి. ఆ తరువాత ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, ఆమె పక్కనే కూర్చుని, పైన చెప్పిన రెండు ప్రశ్నలు ఆమె తరఫున మీరే అడగండి.